కోసిన కాయకూ ఊపిరుంటుంది

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో మామిడి కోతలు ఊపందుకునేసరికి మే నెల సగం దాటుతుంది. అప్పటినుంచి జూలై దాకా బేనీషా, బాదామి, రసపూరి, మల్లిక, తోతాపురి, చివర్లో నీలం మండీకి వస్తూనే ఉంటాయి. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరున్న రాయల్పాడు హోబళిలో చాలా ఇళ్ళలో మాట తెలుగే, చాలా కుటుంబాలకు ఆధారం మామిడే. లారీలకెక్కే సరుకు సంగతి అలా ఉంచితే, ఇంటికోసం, చుట్టాలకోసం తీసిపెట్టుకున్న కాయను వరిగడ్డిలో మాగవేయడం తాతల నాటి పని. చూడ్డానికి గడ్డి పరిచి, కాయలు పేర్చి, కప్పెయ్యడమే. కానీ ఆ గడ్డి కింద ఉన్న కాయ బతికే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, వెచ్చబడుతుంది. మాగవేసే మనిషి పనితనమంతా ఆ ఊపిరిని అదుపులో పెట్టడంలో ఉంది.

ఊపిరి అనగానే మనకు తోచేవి ముక్కు, ఛాతీ. గాలి లోపలికి రావడం, బయటికి పోవడం మనకు కనబడే భాగం. అసలు శ్వాసక్రియ ప్రతి జీవకణంలోనూ జరుగుతుంది. చక్కెర అంచెలంచెలుగా విరిగి ఆక్సిజన్‌తో కలుస్తుంది, శక్తి బయటికొస్తుంది. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా ఖర్చు కావడానికి 192 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీరు, సుమారు 686 కిలోకేలరీల శక్తి వస్తాయి. 1780లలో లావోయిజర్, లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు గినీపందిని మంచు మధ్య ఉంచి, దాని ఒంటి వేడికి కరిగిన మంచును తూచి, శ్వాస అంటే నెమ్మదిగా సాగే దహనమేనని తేల్చారు. ఆ శక్తిలో కొంత భాగాన్ని కణం ఏటీపీ అనే అణువుల్లో దాచుకుంటుంది, మిగతాది వేడిగా పోతుంది. ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుగొన్నారు. శ్వాసక్రియ పాఠం చెప్పే ప్రతి తెలుగు బడిలోనూ సుబ్బారావు పేరు వినబడాలని నా కోరిక.

కణాలకు గాలి అందే దారి మాత్రం ఒక్కో జీవికి ఒక్కో తీరు. కోలారు పట్టుపురుగుల జిల్లా కూడా. మల్బరీ ఆకు మేస్తున్న పురుగును పక్కనుంచి చూడండి, ఒంటి వెంట వరసగా నల్లటి చుక్కలుంటాయి, ఒక్కో పక్క 9. అవే దాని ముక్కులు. అక్కడినుంచి సన్నటి గాలిగొట్టాలు ఒళ్ళంతా పాకి, ఆక్సిజన్‌ను నేరుగా కణాల దాకా చేరుస్తాయి. ఆ పనికి నెత్తురుతో అవసరం లేదు. చంద్రికలనే తట్టల మీద పురుగు గూడు కట్టే రోజుల్లో రైతు గదిలో గాలి ఆడేట్టు చూసుకునేది ఇందుకు కూడా. వానపాము తడి చర్మంతో, చేప మొప్పలతో, ఆకు తన పత్రరంధ్రాలతో గాలి మార్చుకుంటాయి. వేరు మట్టి రేణువుల సందుల్లోని గాలి మీద బతుకుతుంది. తోటలో రోజుల తరబడి నీళ్ళు నిలిస్తే చెట్టు వాడిపోయేది వేరుకు ఊపిరాడకే.

ఇప్పుడు కాయ దగ్గరికొద్దాం. బేనీషా కాయను వెలుతురుకు పట్టి చూస్తే నున్నటి తొక్క మీద సన్నటి లేతరంగు చుక్కలు కనిపిస్తాయి. పిందెగా ఉన్నప్పుడు అవి ఆకు మీది పత్రరంధ్రాల వంటివే. కాయ ఊరేకొద్దీ సాగి వాయురంధ్రాలుగా మిగులుతాయి. చెట్టు మీద ఉన్నన్నాళ్ళూ ఆకులు తయారుచేసిన చక్కెర కాయలోకి వచ్చి పిండిగా నిలవుంటుంది. కోశాక రాబడి ఆగిపోతుంది, ఖర్చు ఆగదు. మాగడం మొదలయ్యాక శ్వాస ఒక్కసారిగా ఎగసి, పై మెట్టు చేరి, తర్వాత తగ్గుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే పిండి చక్కెరవుతుంది, పులుపు విరుగుతుంది, కండ మెత్తబడి పసుపెక్కుతుంది, వాసన పుడుతుంది. ఆపిల్ పళ్ళలో ఈ ఎగుడును గమనించి 1925లో కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, చార్లెస్ వెస్ట్ దానికి క్లైమాక్టెరిక్ అని పేరు పెట్టారు. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం, కోలారు మండీని నింపే టమాటా ఈ కోవలోవి. ద్రాక్ష, దానిమ్మ, నిమ్మ కావు. కోశాక వాటికి కొత్తగా తీపి రాదు.

ఈ ఎగుడును రేపేది ఇథిలీన్ అనే వాయువు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ ప్రయోగశాల గాలిలో కలిసిన దీపాల గ్యాసు వల్ల బఠాణీ మొలకలు వంకర్లు పోవడం చూసి, అందులో కారణం ఇథిలీనేనని పట్టుకున్నాడు. మాగే ఆపిల్ తానే ఆ వాయువును తయారు చేస్తుందని 1934లో రిచర్డ్ గేన్ చూపించాడు. ఒక కాయ వదిలిన ఇథిలీన్ తననూ పక్క కాయనూ ఇంకా వదిలేట్టు చేస్తుంది. కుప్పలో ఒక పండు పెట్టమని పెద్దలు చెప్పే మాటకు బలం ఇక్కడుంది.

మాగవేత నిజానికి కోతతోనే మొదలవుతుంది. కాయ భుజాలు లేచి, ముచ్చిక గుంటలో పడ్డట్టు కనబడితే ముదిరినట్టు. అనుమానమొస్తే నీళ్ళ తొట్టిలో వేస్తారు. ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. పిండి నిండిన కాయ నీటికన్నా బరువు. కొమ్మ దులిపి రాల్చిన కాయ మాగవేతకు పనికిరాదు. చిక్కం కట్టిన దోటితో, ముచ్చిక కొంచెం నిలిచేట్టు కోయాలి. దెబ్బ తగిలిన చోట కణాలు చితికి శ్వాస, ఇథిలీన్ రెండూ పెరుగుతాయి. ఆ కాయ తాను తొందరపడి పక్కవాటినీ తొందర పెడుతుంది. కోసిన వెంటనే ముచ్చిక కిందికి ఉండేట్టు పెట్టి సొన కారనివ్వాలి. సొన తొక్కకు అంటితే అక్కడ నల్లగా కాలిన మచ్చ పడుతుంది, కడిగినా పోదు.

ఎండన పడి వచ్చిన కాయను అప్పుడే గడ్డిలో పెట్టరు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం సుమారు రెండింతలవుతుంది. వేడి మీదున్న కాయను కప్పెడితే దాని శ్వాస పుట్టించే వేడి కూడా తోడై, పండు రంగు సమంగా రాదు, రుచి చెడుతుంది. రాత్రంతా నీడన నేల మీద పరిచి చల్లబరిచి, తెల్లారాక పేరుస్తారు.

గది మూల ఊడ్చి, జానెడు మందాన ఎండిన వరిగడ్డి పరుస్తారు. దాని మీద కాయలు ఒక వరస, మళ్ళీ గడ్డి, మళ్ళీ వరస. వరసలు ఎక్కువ వెయ్యరు. అడుగు కాయ మీద బరువు పడకూడదన్నది అందరూ చెప్పే కారణం. కుప్ప నడుమ వేడి నిలవకూడదన్నది నా దృష్టిలో అంతకన్నా పెద్ద కారణం. వరిగడ్డి కాడ బోలుగా ఉంటుంది, కాడకూ కాడకూ మధ్య సందు ఉంటుంది. అందుకని గాలి పూర్తిగా ఆగదు, పూర్తిగా పారదు. కాయ వదిలిన ఇథిలీన్, తేమ, వెచ్చదనం కొంతసేపు కుప్పలో నిలుస్తాయి, కార్బన్ డయాక్సైడ్ మెల్లగా బయటికి జారుకుంటుంది. ఇంత చక్కటి తూకం ఇచ్చే సరుకు చెరువు కింది పొలంలో, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. గడ్డి తడిగా ఉంటే బూజు పడుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే ఇంకా చేటు. ఆక్సిజన్ అయిపోయి, కాయలోని చక్కెర పులిసి సారాయి వాసన వేస్తుంది.

మూడో నాటినుంచి కుప్పలో చెయ్యి పెట్టి చూస్తారు. గడ్డి లోపలి వెచ్చదనం అరచేతికి ఇట్టే తెలుస్తుంది. మరీ వేడిగా తగిలితే పై గడ్డి తీసి ఒక పూట వదిలేస్తారు. “గాలాడనీ నాయనా, లేకుంటే కాయ ఉడికిపోతాది” అని అవ్వలు గదమాయించేది అప్పుడే. కాయను వేలి కొసతో నొక్కనివ్వరు, నొక్కిన చోట కుళ్ళు మొదలవుతుంది. అరచేతిలో పట్టి, ముచ్చిక దగ్గర వాసన చూసి చెప్పాలి. పండినవి ఏరి, చెడినవి తీసేసి, మిగతావాటిని తిరగేసి మళ్ళీ పేరుస్తారు. వారం పది రోజుల్లో కుప్ప ఖాళీ.

ఊపిరి బిగబట్టించి పని చేయించుకోవడం కూడా ఈ రాగుల సీమకు తెలుసు. వెనకటి రోజుల్లో రాగులను నేలలో తవ్విన పాతరలో పోసి, మూత పెట్టి, మట్టితో మెత్తేవారు. గింజలు, వాటిలోని పురుగులు శ్వాసిస్తూ లోపలి ఆక్సిజన్‌ను తినేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగి పురుగు చస్తుంది, ఎండిన గింజ నిలుస్తుంది. మందు చల్లే పనే లేదు. అయితే ఆ గాలి మనిషినీ చంపుతుంది. అందుకే పాతర తెరిచి కొంతసేపు వదిలి, వెలిగించిన దీపాన్ని లోపలికి దించి చూసేవారు. దీపం ఆరితే ఎవరూ దిగరు. ఇప్పటికీ పాత బావుల్లో, మూసిన ట్యాంకుల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నవారి వార్తలు చదివినప్పుడల్లా ఆ జాగ్రత్త ఎందుకు మరిచిపోయామని గుండె మండుతుంది. కొన్ని విషవాయువులకు దీపం ఆరదు, కొన్ని దీపానికే అంటుకుంటాయి. అలాంటి చోట్ల గాలిని పరికరంతో పరీక్షించకుండా ఎవరినీ దించకూడదు.

మళ్ళీ మామిడికొస్తే, తొలి కాయకు ధర ఎక్కువ. ఆ ధర కోసమే లేత కాయ కోసి, కాల్షియం కార్బైడ్ పొట్లాల మధ్య పెట్టడం సాగింది. కార్బైడ్ తేమ తగిలి ఎసిటిలీన్ వదులుతుంది. అది ఇథిలీన్‌ను అనుకరించి తొక్కకు రంగు తెస్తుంది. లోపల పిండే నిండని కాయకు తీపి ఎక్కడినుంచి వస్తుంది? పైగా బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దీన్ని నిషేధించాయి. ఇథిలీన్ వాయువును మాత్రం పది లక్షల పాళ్ళలో 100 పాళ్ళ దాకా వాడనిస్తారు. లారీల కొద్దీ సరుకును గడ్డిలో మాగవేయడం కుదరదు, కాబట్టి ఇథిలీన్ గదులు రావడం మంచిదే. ఆ గదుల్లో కూడా కార్బన్ డయాక్సైడ్ పేరుకోకుండా వేళకు గాలి మార్చాల్సిందే. పై గడ్డి తీసే అవ్వ చేసేదీ ఆ పనే.

బెంగళూరు అపార్టుమెంటులో వరిగడ్డి దొరకనివారికి చిల్లులున్న అట్టపెట్టె, పాత పేపర్లు చాలు. కాయకూ కాయకూ మధ్య పేపరు నలిపి పెట్టి, ఇంట్లో చల్లటి మూల ఉంచి, రోజుకొకసారి మూత తెరవాలి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. సుమారు 12 డిగ్రీల కంటే చల్లదనం తగిలితే మామిడి కణాలు దెబ్బతింటాయి, తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎన్నాళ్ళు బయట ఉంచినా సరిగా పండదు. పండాక మాత్రం రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.