అధికారంలో ఉన్నవాడి ఆత్మవిమర్శ

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల మరి ఇద్దరి సాయంతో రాసిన "హిట్ రిఫ్రెష్" 2017లో వచ్చింది. అందులో తన చిన్ననాటి గది ముచ్చట ఒకటి చెప్పాడు. ఐ.ఏ.ఎస్. అధికారి అయిన తండ్రి గోడకు కార్ల్ మార్క్స్ పటం తగిలించాడట. దానికి జవాబుగా తల్లి లక్ష్మీదేవి పటం తగిలించింది. కుర్రవాడికి కావలసింది మాత్రం క్రికెట్ ఆటగాడు జయసింహ పటం. ఏ కథకుడైనా అసూయపడవలసిన వివరమిది.

మన విమర్శకులు ఈ రకం పుస్తకాలను ముట్టుకోరు. వ్యాపార సాహిత్యమని పక్కకు నెట్టేస్తారు. అది పొరపాటు. నాయకుడంటే ఎవరో మన విద్యార్థులు ఇవాళ నవలల్లో కంటే ఈ పుస్తకాల్లోనే ఎక్కువగా నేర్చుకుంటున్నారు. వీటి కథానాయకుడు ధీరోదాత్తుడు కాడు. తప్పులు చేస్తాడు, దుఃఖిస్తాడు, ఆ సంగతి దాచుకోడు. ఇతను ఊరికే పుట్టలేదు. 2001లో ఎన్రాన్ కంపెనీ మోసాల మధ్య కూలిపోయింది. పెద్ద కంపెనీల అధిపతులంటే జనానికి ఏవగింపు కలిగిన ఆ రోజుల్లోనే, 2003లో, మెడ్‌ట్రానిక్ మాజీ అధిపతి బిల్ జార్జ్ నిజాయితీగల నాయకత్వం గురించి పుస్తకం రాశాడు. 2010 తరవాత బ్రెనీ బ్రౌన్ ఉపన్యాసాలతో, మనసు విప్పి బలహీనత చెప్పుకోవడమే ధైర్యమన్న భావం ఆఫీసులన్నిటికీ పాకింది.

నాదెళ్ల పుస్తకంలో అన్నిటికంటే బలమైన పుటలు ఆయన కొడుకును గురించినవి. ఆ బిడ్డ 1996లో తీవ్రమైన మెదడు వైకల్యంతో పుట్టాడు, 2022లో చనిపోయాడు. మొదట్లో తనకేమిటి ఇలా జరిగిందన్న ధ్యాసే తనకుండేదనీ, బిడ్డకోసం భార్య పడుతున్న శ్రమ చూశాక తన చూపు మారిందనీ ఆ తండ్రి ఒప్పుకున్నాడు. ఈ పుటలను వెక్కిరించే అభ్యుదయ విమర్శకుడెవరైనా ఉంటే ఆయనతో నాకు పొత్తు లేదు. ఆ వేదన నిజం. అది నిజం కావడంవల్లే విమర్శకుడి పని కష్టమవుతున్నది.

ఇంకొక ఒప్పుకోలు చూద్దాం. 2014 అక్టోబరులో సాంకేతిక రంగంలోని స్త్రీల మహాసభలో, జీతం పెంచమని అడగడానికి జంకే స్త్రీలకు సలహా ఏమిటని ఆయన్ను అడిగారు. అడగనక్కరలేదు, వ్యవస్థను నమ్మండి, అది మంచి కర్మ అన్నాడు. గోల లేచింది. అదే రోజు, నేను చెప్పిన జవాబు పూర్తిగా తప్పు అని ఉద్యోగులకు రాశాడు. పుస్తకంలో ఈ ఘటన ఆయన నేర్చుకున్న పాఠంగా నిలిచింది. నాయకుడి తప్పుకు అంత గౌరవం దక్కింది. అడిగిన స్త్రీల సంగతి? 2015లో ఆ కంపెనీమీద స్త్రీలు వివక్ష దావా వేశారు. వాదులు కోర్టుకు చూపిన లెక్కప్రకారం, 2010-2016 మధ్య లింగవివక్షమీద లోపల వచ్చిన 118 ఫిర్యాదుల్లో కంపెనీ నిజమని తేల్చింది ఒక్కటి. కంపెనీ ఆరోపణలను కాదన్నది. దావా సామూహికంగా సాగడానికి కోర్టు 2018లో ఒప్పుకోలేదు. తీర్పు ఎలా ఉన్నా ఆ 118 మందీ కూడా తమ బలహీన స్థితినే బయటపెట్టుకున్నారు. వాళ్ళ మాటలు ఫైళ్ళలోకి వెళ్ళాయి.

2023 జనవరిలో ఆ కంపెనీ 10 వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2025 మే, జూలై నెలల్లో సుమారు 15 వేలు. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికరలాభం 10 వేల కోట్ల డాలర్లు దాటింది. ఆ జూలై చివర నాదెళ్ల ఉద్యోగులకు లేఖ రాస్తూ, ఈ తొలగింపులు తన మనసుమీద బరువుగా ఉన్నాయన్నాడు. తెలుగు మేష్టరును కనక కర్తకోసం వెతకడం నా అలవాటు. ఆ వాక్యంలో తొలగించినవాడు కనిపించడు, బరువు మోసేవాడే కనిపిస్తాడు. కొంచెం కింద నిర్ణయాలు తీసుకునే "మేము" వస్తుంది. బరువు మొయ్యడానికీ కృతజ్ఞత చెప్పడానికీ మాత్రం "నేను".

రావిశాస్త్రి "అల్పజీవి"లో సుబ్బయ్య భయస్థుడు. ఆ భయాన్ని ఎప్పుడు, ఎవరిముందు, ఎంతవరకు బయటపెట్టాలో నిర్ణయించుకునే అధికారం అతనికి లేదు. అందరూ దాన్ని ఇట్టే పసిగడతారు, పసిగట్టి వాడుకుంటారు. నాదెళ్లకు ఉన్నదీ సుబ్బయ్యకు లేనిదీ నిజాయితీ అందామా? ఎంచుకునే హక్కు అనడం సబబు. ఆ హక్కు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకుండా, పై అధికారి చేసిన ఒప్పుకోలును కింది ఉద్యోగికి ఆదర్శంగా చూపడం ఈ సాహిత్యంలోని లోపం. దాన్ని నమ్మి గుమాస్తా మేనేజరు దగ్గర మనసు విప్పితే ఆ మాట వచ్చే ఏటి పనితీరు నివేదికలో తేలవచ్చు.

ఇది వాళ్ళ జబ్బేనని మనం సంతోషించనక్కరలేదు. ఆత్మవిమర్శ మన మాట. మన సంఘాల వార్షిక సమావేశాల్లో కార్యదర్శి తన లోపాలను తానే ఏకరువు పెడతాడు, సభ చప్పట్లు కొడుతుంది, ఆయనే మళ్ళీ ఎన్నికవుతాడు. అవే లోపాలను వెనక బెంచీ సభ్యుడు లేచి చెప్పినప్పుడు, చర్చకు సమయం మించిపోయిందని అధ్యక్షుడు గంట కొట్టడం నేను రెండుసార్లు చూశాను. రెండోసారి లేచినవాడు తరవాతి సమావేశానికి రాలేదు.