కాలిన గాయానికి కారణం ఎక్కడ వెతకాలి?

పనిచోట ఎవరికైనా ఒళ్లు కాలితే ‘చూసుకోవద్దా?’ అంటాం. తప్పంతా కాలినవాడిదే అని అప్పుడే తేల్చేస్తున్నాం. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కర్మాగారంలో 17 మంది చనిపోయారు. రియాక్టర్ పేలిందని మొదట అన్నారు. లీకైన సాల్వెంట్ ఆవిరి అంటుకుందని ఆ తర్వాత అధికారులు చెప్పారు. గదంతా కమ్ముకున్న ఆవిరి ముందు ఒక్కో కార్మికుడి జాగ్రత్త ఏపాటిది? అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ ఇలాంటి చోట్లకు మూడు మార్గాలు చెప్పింది: యంత్రాన్ని పకడ్బందీగా మూసి ఉంచడం, మండే ఆవిరి, పొడి పేరుకోకుండా చూడడం, నిప్పు పుట్టించేవాటిని అక్కడ లేకుండా చేయడం లేదా మూసి ఉంచడం. ఈ మూడూ యాజమాన్యం చేయాల్సిన ఏర్పాట్లే.

హోటల్ వంటగదికీ ఇదే సూత్రం. అరవై డిగ్రీల నీళ్లకే సుమారు ఐదు సెకన్లలో చర్మం లోతుగా కాలుతుంది. మరిగే సాంబారుకు అంత సమయం కూడా అక్కర్లేదు. అలాంటి సాంబారు నిండిన గుండిగను ఇద్దరు మనుషులు మసిగుడ్డలతో పట్టుకుని, తడి నేల మీదుగా మోసుకెళ్తారు. మసిగుడ్డ తడిసిందంటే వేడి ఇట్టే చేతికి దిగుతుంది. అక్కడ కాలు జారితే మనిషిని తప్పుపట్టి ఊరుకోవడం అన్యాయం.

గ్లౌజులిచ్చినా వేసుకోరని యజమానులు అంటారు. నిజమే, పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ వాటిని గంటలకొద్దీ భరించడం కష్టం. అందుకే మనిషి ఓపిక మీద, జ్ఞాపకం మీద ఆధారపడని ఏర్పాట్లు ముందుండాలి; గ్లౌజులు, శిక్షణ వాటికి తోడు కావాలి. చిన్న హోటళ్లకు ఇంత ఖర్చెక్కడిదన్న ప్రశ్నా న్యాయమైనదే. అయితే సాంబారును పొయ్యి దగ్గరే చిన్న గిన్నెల్లోకి తోడుకోవడానికి, నేల ఎప్పటికప్పుడు తుడవడానికి, నూనె చల్లారాకే బాణలి కదపడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, కాస్త సమయం చాలు. ఆ సమయం ఇవ్వాల్సింది యజమానే.

ఇంత చేసినా ఎవరికైనా కాలితే టూత్‌పేస్టు, ఐసు పెట్టకుండా కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విచారణ మాత్రం ఆ వేడి వస్తువును మోయాల్సిన అవసరం ఎందుకొచ్చింది, మనిషికీ దానికీ మధ్య అడ్డు ఎందుకు లేదు అన్న ప్రశ్నలతో మొదలవ్వాలి. కార్మికుడు ఏం చేశాడన్నది ఆ తర్వాతే అడగాలి. ఈ వరుస పాటించని విచారణ ఎవరినో ఒకరిని శిక్షిస్తుందేమో గానీ, అదే చోట రేపు పనిలోకి వచ్చే మనిషిని కాపాడలేదు.