‘హోమ్’ అను మాట: ఊరిపేరులు, ఇంటిపేరులు

ఆంగ్లదేశమున బర్మింగ్‌హామ్, జర్మనీలో మాన్‌హైమ్, హాలెండులో ఆర్న్‌హెమ్: ఈ మూడు పేరుల తుదనున్నది ఒక్కటే మాట. నేటి ఇంగ్లీషున అదియే ‘హోమ్’. ఐజక్ టేలర్ అను క్రైస్తవ మతాచార్యుడు 1864లో ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ప్లేసెస్’ అను గ్రంథమున దీనిని గూర్చి ముచ్చటగా వ్రాసెను. ఊళ్ల పేరుల చరిత్రమును సామాన్యులకు రుచించునట్లు చెప్పగలిగినవా రరుదు, ఆతడట్టివాడు. అయినను ఈ మాటపై ఆతడు కట్టిన సిద్ధాంతమును పరీక్షింపక తప్పదు.

మొదట మెచ్చదగినదానిని చెప్పెదను. ‘హామ్’ అని ముగియు పేరులలో రెండు వేఱు మాటలు కలిసిపోయినవని ఆతడు గుర్తించెను. దీర్ఘము గల దానికి నివాసము, ఊరు అని యర్థము. హ్రస్వము గల దానికి కంచె వేసిన నేల, ఏటి వంపులోని నేల అని యర్థము. థేమ్సు వంపున నున్న ట్వికెన్‌హామ్ ఈ రెండవ తెగలోనిది. డర్‌హామ్ రెండింటను చేరదు. దాని పూర్వరూపము ‘డున్‌హోల్మ్’, అనగా కొండదీవి. కావున చెవికి సోకినంతనే అర్థము నిర్ణయింపరాదు. ‘హైమ్’ అని వినగానే మనలో కొందఱికి ‘హేమము’ స్ఫురింపవచ్చును గాని బంగారమునకును దీనికిని పొత్తు లేదు. నివసించుట యను నర్థముగల ‘క్షి’ ధాతువునుండి పుట్టిన ‘క్షేమ’ శబ్దమే దీనికి జ్ఞాతియని పలువురు భాషాశాస్త్రజ్ఞుల మతము.

ఇక ఆతని సిద్ధాంతము. ఈ ‘హామ్’ కుటుంబబంధముయొక్క పవిత్రతను దెలుపుననియు, పూర్వశాసనములలో నిది కుటుంబముల పేరులతోనే గాని యొక్క వ్యక్తి పేరుతో కూడదనియు, ఈ మాటను, దాని వెనుకనున్న భావమును ట్యూటను జాతివారే సముద్రము దాటించి తెచ్చిరనియు ఆతడు చెప్పెను.

జర్మానిక్ భాషలలో మనకు దొరకిన మొదటి పెద్ద గ్రంథము, నాలుగవ శతాబ్దమున వుల్ఫిలా గోతు భాషలోనికి తెచ్చిన బైబిలు. అందు ‘హైమ్స్’ అను మాట గ్రీకు మూలములోని ‘కోమే’ అను మాటకు బదులుగా వచ్చును. కోమే యనగా పల్లె. పూర్వ స్కాండినేవియా భాషలో ‘హెయిమ్ర్’ అనగా లోకము సైతము. అచ్చటి పురాణములలో రాక్షసుల దేశమునకు యోటున్‌హెయిమ్ అని పేరు. పల్లెను, లోకమును, రాక్షసభూమిని జెప్పు మాటలో గృహలక్ష్మి యొకతె పీట వేసికొని కూర్చున్నదనుట కవిత్వమగునేమో గాని శాస్త్రము కాదు.

వ్యక్తి పేరుతో కూడదనుట మఱింత తప్పు. కేంబ్రిడ్జి మండలమున బాబ్రహామ్, విల్‌బ్రహామ్ అను నూళ్లు గలవు. (మొదటిదానిలో అబ్రహామును వెదకబనిలేదు.) ఒకటి బెయాదుబుర్ అను స్త్రీ నివాసము, రెండవది విల్‌బుర్ అను స్త్రీ నివాసము. వారెవరో నేడెవరికిని దెలియదు. ఊరు మాత్రము వారి పేరున నిలిచినది. విల్‌బ్రహామ్ తరువాత ఇంటిపేరయ్యెను. అయినది మొదలు తండ్రినుండి కొడుకునకు సంక్రమించెను. కోడండ్రు పుట్టింటి పేరు విడిచి దానిని దాల్చిరి. ఒక స్త్రీ యిల్లు పురుషుల వంశనామమైనది! పెండ్లితో ఇంటిపేరు మార్చుకొను మన యాడుబిడ్డలు దీనిని చదివి నవ్వుకొందురు గాక.

ఇంటిపేరులకడ టేలరు సిద్ధాంతము పూర్తిగా జాఱిపోవును. రైను తీరమున ఓపెన్‌హైమ్ అను చిన్న పట్టణమున్నది. అందు నివసించువానిని పొరుగువారు ‘ఓపెన్‌హైమర్’ అని పిలువ నక్కఱలేదు. అందఱు నట్టివారే గదా. ఊరు విడిచి వేఱొకచోట కాపురము పెట్టినవానికే ఆ పేరు. మన కందుకూరు ‘కందుకూరి’ యైనట్లే యచ్చట ‘ఎర్’ ప్రత్యయము చేరినది. వీరేశలింగము పంతులుగారు 1848లో జన్మించినది రాజమహేంద్రవరమున. ఇంటిపేరు వేఱొక యూరిది. మనము ఇంటిపేరనునది తఱచు విడిచివచ్చిన యింటి పేరే.

జర్మనీలో ఇట్టి పేరులు గలవారిలో యూదులు ముఖ్యులు. 1424లో కొలోను పట్టణమును, 1499లో నూరెంబర్గును వారిని వెడలగొట్టినవి. ఒక యూరు పొమ్మన్న, మఱియొక యూరికి పోవుట. పాత యూరు పేరుగా వెంటవచ్చుట. 1787లో ఆస్ట్రియాలో రెండవ జోసెఫును, 1808లో నెపోలియనును యూదులకు స్థిరమైన వంశనామము లుండవలెనని శాసించిరి. భౌతికశాస్త్రజ్ఞుడైన రాబర్టు ఓపెన్‌హైమరు తండ్రి 1888లో హనావునుండి అమెరికాకు వలసపోయెను. పేరు ఓపెన్‌హైమ్‌ది, బయలుదేరినది హనావునుండి, చేరినది న్యూయార్కు. టేలరు గ్రంథము వ్రాయునాటికే యిట్టి పేరులు జర్మనీయందంతట నుండెను గాని ఆతని సిద్ధాంతములో వీనికి చోటు లేదు.

1938 ఆగష్టులో నాజీ ప్రభుత్వము, యూదులవని స్పష్టముగా తెలియని పేరులుగల యూదు పురుషులందఱు ‘ఇజ్రాయెల్’ అనియు, స్త్రీలందఱు ‘సారా’ అనియు తమ పేరులకు చేర్చుకొనవలెనని యాజ్ఞాపించెను. 1939 జనవరి 1 నుండి అది యమలులోనికి వచ్చెను. ఆ యాజ్ఞ ఇంటిపేరుల జోలికి పోలేదు. ఓపెన్‌హైమరులు, మాన్‌హైమరులు, వెర్ట్‌హైమరులు ఆ దేశపు టూళ్ల పేరులను దాల్చియే దేశము వెడలిరి. వెడలలేకపోయినవారిలో ననేకులు అవే పేరులతో చంపబడిరి.