మామిడి ముక్కలు, 2.2 సెకన్లు

బ్లాక్‌చెయిన్ అంటే బిట్‌కాయిన్ ఒక్కటే కాదు అని చెప్పేవాళ్ళు చాలాసార్లు ఒక మామిడి కథ చెప్తారు. అమెరికాలో వాల్‌మార్ట్ కంపెనీలో అప్పట్లో ఆహార భద్రత చూసిన ఫ్రాంక్ యానస్, కోసిన మామిడి ముక్కల ప్యాకెట్ ఒకటి తన ఉద్యోగుల ముందు పెట్టి, ఇది ఏ తోట నుంచి వచ్చిందో కనుక్కోండి అన్నారు. 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. (మా తాత అయితే కొరికి చూసి చెప్పేస్తానంటారు, అది వేరే సంగతి.) తర్వాత ఐబీఎంతో కలిసి మెక్సికో మామిడి వివరాలు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కించాక అదే పని 2.2 సెకన్లలో అయిపోయింది.

దీని అవసరం నిజమైనదే. 2018 నవంబరులో అమెరికాలో రొమైన్ లెట్యూస్ అనే ఆకుకూర తిని జనం జబ్బుపడ్డారు. ఏ పొలందో వెంటనే తేలలేదు. దాంతో ఇళ్ళలో ఉన్న ఆ కూరంతా పారేయమన్నారు. ఏ తప్పూ లేని రైతు కూడా నష్టపోయాడు.

కానీ ఆ 2.2 సెకన్ల గొప్ప అంతా బ్లాక్‌చెయిన్‌దేనా? మొదట కాగితాల్లో, ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళకి ఉన్న లెక్కలు ఒకచోటికి వచ్చాయి. అలా వస్తే మామూలు డేటాబేస్ కూడా సెకన్లలోనే చెప్తుంది. బ్లాక్‌చెయిన్ చేసేది వేరే పని. ప్రతి పేజీలో దాని ముందు పేజీ గుర్తు ఉంటుంది, పుస్తకం నకళ్ళు చాలామంది దగ్గర ఉంటాయి. ఒకరు దొంగతనంగా దిద్దితే మిగతావాటితో సరిపోదు. ఒకరినొకరు నమ్మని వ్యాపారులకు ఇది మంచి సాధనమే. అయితే వాల్‌మార్ట్ వాడిన పుస్తకంలో ఎవరుపడితే వాళ్ళు రాయలేరు, అనుమతి ఉన్న కంపెనీలే రాయాలి. అందరి చేతిలో ఉండే టెక్నాలజీ అన్న మాట ఇక్కడ సగమే నిజం.

ఇంకో చిక్కు ఉంది. మాదీ మామిడి జిల్లానే, కృష్ణగిరి. ఇక్కడ చాలా తోటలు పూత మీదే గుత్తకి పోతాయి. కోసేది ఒకరు, మండీకి తోలేది ఇంకొకరు, అక్కడ పది తోటల కాయ ఒకే కుప్పలో పడుతుంది. కార్బైడ్‌తో పండించకూడదని చట్టం ఉంది. ఎవరైనా కార్బైడ్ వేసి, వేయలేదని రాస్తే? బ్లాక్‌చెయిన్ ఆ అబద్ధాన్ని కూడా చెరగకుండా కాపాడుతుంది! కుప్ప దగ్గర నిలబడి కాయ చూసి రాసే మనిషి కావాలి, అతనికి జీతం ఇవ్వాలి. ఆ ఖర్చు కొనే కంపెనీ పెట్టకపోతే అది చివరికి రైతుకిచ్చే కిలో ధరలోంచే పోతుంది. 2.2 సెకన్ల గురించి చెప్పేవాళ్ళు ముందు ఈ లెక్క చెప్పాలి.