ముప్పై సెకన్ల సముద్రం

మా మైలార్‌దేవ్‌పల్లికి సముద్రం లేదు. దగ్గర్లో పెద్ద నీళ్లంటే హిమాయత్‌సాగరే. పెళ్లి ఫొటోలు తీసే మా గల్లీ అన్న చేయి తిరిగింది ఆ గట్టు మీదే. అసలు పనితనం చూడాలంటే మాత్రం విశాఖ తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గర, తెల్లవారుజామున ఆయన పక్కన నిలబడాలి.

చీకటుండగానే ట్రైపాడ్ దించుతాడు. కాళ్లను తడి ఇసుకలోకి గట్టిగా దిగేస్తాడు. లేకపోతే వెనక్కి పోయే అల వాటి కింది ఇసుకను లాగేస్తుంది, ఫొటో చెదిరిపోతుంది. ముందు ఫోకస్ కుదిర్చి, ఆ తర్వాతే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ బిగిస్తాడు. పది స్టాపుల ఫిల్టర్ వెలుగును దాదాపు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 30వ వంతు సరిపోయే చోట అర నిమిషం పైగా షట్టర్ తెరిచి ఉంచాలి. వేలు తగిలినా కెమెరా కదులుతుందని రిమోట్ వాడతాడు.

"అయిపోయిందా అన్నా?"

"ఆగు తమ్మీ, ఇంక పది సెకన్లున్నది." చూపు అలల మీదే.

అంతసేపూ వచ్చిన అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి పొగమంచులా పరుచుకుంటాయి. నల్లరాయి ఒక్కటే నాచుతో సహా స్పష్టంగా నిలుస్తుంది. నాకు అంతకన్నా ఇష్టమైనవి, అల రాళ్ల మీంచి వెనక్కి జారేటప్పుడు ఒక్క సెకను షట్టర్ తెరిచి తీసిన ఫొటోలు. నురుగు తెల్లటి నూలుపోగుల్లా సాగుతుంది. ఆ క్షణం పట్టడం ఎంతో ఓపికున్న చేతికే సాధ్యం.

ఎండ ముదరగానే కెమెరా కట్టేస్తాడు. లెన్సు మీది ఉప్పు తుంపర తుడిచి, ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడుగుతాడు, పసిపిల్లకు కడిగినట్టు.