భయం ఎక్కడున్నది? హాలోవీన్ వేళ వినిపించే ప్రోగ్రెసివ్ రాక్ సంగీతం – భయానకరస పరిశీలన

వ్యాససంగ్రహం:
అక్టోబర్ 31న జరిగే హాలోవీన్ రోజుల్లో పాశ్చాత్య శ్రోతలు 1970ల నాటి ప్రోగ్రెసివ్ రాక్ కృతులను భయానక సంగీతంగా వింటారు. విషమమైన తాళగతి, వింత వాద్యధ్వని ఆ భయానికి కారణాలన్నది తరచు వినిపించే వివరణ. ఆ గతులకూ వాద్యాలకూ అలవాటుపడిన తెలుగు శ్రోత చెవితో ఈ వివరణను పరీక్షించి, భరతుడు చెప్పిన భయానకభేదాల వెలుగులో ఆ కృతుల తారతమ్యాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భయానకరసం, హాలోవీన్, ప్రోగ్రెసివ్ రాక్, మిశ్రగతి, వికృతరవం, అపరాధం.

ఉపోద్ఘాతం:
హాలోవీన్ పుట్టుకను ప్రాచీన కెల్టుల సావిన్ పండుగతో ముడిపెట్టడం పరిపాటి. చనిపోయినవారు ఆ రాత్రి బతికినవారి మధ్యకు వస్తారన్న నమ్మకం నేడు పిల్లల దయ్యపు వేషాలుగా, మిఠాయిల పంపకంగా మిగిలింది. 1960ల చివర బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ప్రోగ్రెసివ్ రాక్‌కు ఈ పండుగతో నేరుగా సంబంధం లేదు. మూడు నిమిషాల పాట చట్రాన్ని దాటి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ జాజ్ నుంచీ రచనా పద్ధతులను తెచ్చుకొని, ఒకే కృతిలో గతులు మారుస్తూ సాగిన సంగీతమది. దానికి పండుగతో చుట్టరికం కలిపింది ప్రధానంగా సినిమా.

లెక్క తప్పిన అడుగు:
మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ‘ట్యూబులర్ బెల్స్’ 1973 మే నెలలో వెలువడింది. వర్జిన్ రికార్డ్స్ సంస్థకు అదే తొలి ఆల్బమ్. వాద్యాల్లో అధికభాగం ఓల్డ్‌ఫీల్డే స్వయంగా వాయించాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు. దయ్యం ఊసు కృతిలో ఎక్కడా లేదు. అదే ఏడాది డిసెంబరులో విడుదలైన ‘ది ఎక్సార్సిస్ట్’ చిత్రంలో దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ దాని తొలిభాగాన్ని కొద్దిసేపు వాడుకున్నాడు. తల్లి పాత్ర ఇంటికి నడిచి వెళుతుంటుంది, హాలోవీన్ వేషాల్లో పిల్లలు పక్కనుంచి పరుగెడుతుంటారు. ఆ కాస్త వాడకంతోనే ఆ స్వరాలు భూతావేశానికి గుర్తుగా స్థిరపడిపోయాయి. (కృతికి పేరిచ్చిన గంటలు మొదటి వైపు చివరిదాకా మోగవన్నది వేరే సంగతి.)

ఆ తొలి స్వరఖండం పదిహేను మాత్రల ఆవృత్తం. ఏడు, ఎనిమిదిగా విరుగుతుంది. నాలుగు లెక్కకు అలవాటుపడిన రాక్ శ్రోతకు మొదటి సగంలో ఒక మాత్ర లోపించినట్లు, మెట్టు ఉందనుకొని గాలిలో అడుగు వేసినట్లు అనిపిస్తుంది. జాన్ కార్పెంటర్ 1978లో తన ‘హాలోవీన్’ చిత్రానికి తానే కూర్చుకున్న సంగీతం అయిదు మాత్రల నడక. చిన్నతనంలో తండ్రి బోంగో వాద్యంపై ఆ లెక్క నేర్పాడని ఆయన చెప్పుకున్నాడు. అది ప్రోగ్రెసివ్ రాక్ కాకపోయినా ఆ ప్రభావానికి దూరం కాదు. విషమగతియే భయహేతువన్న వివరణకు ఈ రెండు కృతులూ ప్రధానమైన ఆధారాలు.

ఈ వివరణ తెలుగు చెవి ముందు నిలవదు. ఏడు మాత్రల త్రిపుటలో క్షేత్రయ్య పదాలు శృంగారాన్ని పలికించాయి. మూడు, నాలుగు మాత్రల కూర్పుతో సాగే మిశ్రగతిలో గురజాడ ముత్యాలసరాలు నడిచాయి. అయిదు మాత్రల ఖండగతి ద్విరదగతి రగడకు ఆధారం. వీటిని విని భయపడినవారు లేరు. కచేరీలో శ్రోత తానూ చేత్తో తాళం వేస్తాడు కనుక లెక్క అతని చేతిలోనే ఉంటుంది. ‘హాలోవీన్’ సంగీతాన్ని ఆ శ్రోత రెండు ఆవృత్తాల్లోపే ఖండగతిగా గుర్తుపడతాడు. ‘ట్యూబులర్ బెల్స్’ అతనికి భయానకం కన్నా అద్భుతానికి చేరువగా వినిపిస్తుంది. కాబట్టి భయం సంఖ్యలో లేదు, శ్రోత అలవాటులో ఉన్నది. సంఖ్యను పట్టుకొని రసనిర్ణయం చేసే విమర్శ తన అలవాటునే సార్వత్రిక సూత్రంగా భ్రమిస్తోంది.

వింత వాద్యం ఎవరికి వింత?
డారియో అర్జెంటో 1977లో తీసిన ‘సస్పిరియా’కు ఇటలీకి చెందిన గాబ్లిన్ బృందం సంగీతం కూర్చింది. జర్మనీలోని నాట్యపాఠశాలను మంత్రగత్తెలు నడుపుతుండడం కథ. అందులో జోలపాట వంటి స్వరక్రమం కింద గ్రీకుల బుజుకీ, మూగ్ సింథసైజర్‌లతోపాటు తబలా కూడా వినిపిస్తుంది. రోమ్ శ్రోతకు మంత్రగత్తె ఇంటి చప్పుడుగా తోచిన ఆ తబలా హైదరాబాదు శ్రోతకు గజల్ కచేరీని గుర్తుచేస్తుంది. బెల్జియం బృందం యూనివర్ జీరో 1977 నాటి తొలి ఆల్బమ్‌లో బసూన్, స్పినెట్‌ల సరసన హార్మోనియం వాడింది. మధ్యయుగపు చీకటిని స్ఫురింపజేయడానికి వాడిన ఆ వాద్యంతోనే ఇక్కడ పద్యనాటకంలో నటుడు రాగం అందుకుంటాడు.

అయినా ‘సస్పిరియా’ తెలుగు శ్రోతనూ వణికిస్తుంది. కారణం తబలా కాదు, గొణుగుడు. క్లాడియో సిమొనెట్టి గొంతు మాటకూ మూలుగుకూ మధ్య ఊగిసలాడుతూ వాద్యాల సందుల్లోంచి వస్తుంది. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు భయానకరస విభావాల్లో మొదట చెప్పినది వికృతరవమే. దయ్యాన్ని చూడటం, పాడుబడిన ఇల్లు, అడవి ఆ తర్వాతివి. మెలోట్రాన్ వాద్యానికీ ఈ లక్షణమే ఉన్నది. ఒక్కొక్క మెట్టు కింద టేపుపై ముద్రించిన అసలు ధ్వని, కొన్నింటిలో మనుషుల బృందగానం, సుమారు ఎనిమిది సెకన్లు పలికి ఆగిపోతుంది. ఊపిరి తీసుకోని గొంతు కనుక అది వికృతరవం. ఇందుకు ఏ అలవాటుతోనూ నిమిత్తం లేదు.

వ్యాజం, విత్రాసితకం, అపరాధం:
భరతుడు భయానకాన్ని మూడుగా విభజించాడు. నటించే భయం వ్యాజం, బెదరగొట్టడం వల్ల కలిగేది విత్రాసితకం, తప్పుచేసినవాని భయం అపరాధజన్యం. పండుగ వేషాలు మొదటి తెగవి. 1970లో ‘శాక్రిఫైస్’ ఆల్బమ్ వెలువరించి, వేదికపై బలితంతును అభినయించిన బ్లాక్ విడో బృందమూ అంతే. తంతు తీసేస్తే మిగిలేది హాయిగా సాగే ఫ్లూట్ పాట. గాబ్లిన్ రెండో తెగకు ఉత్తమ ఉదాహరణ.

మూడో తెగకు జెనెసిస్ బృందం 1971లో ‘నర్సరీ క్రైమ్’ ఆల్బమ్‌లో చేర్చిన ‘ది మ్యూజికల్ బాక్స్’ తగినదిగా తోస్తుంది. అట్టపై అచ్చువేసిన కథ ప్రకారం తొమ్మిదేళ్ల సింథియా క్రోకే ఆటలో కొయ్యసుత్తితో ఎనిమిదేళ్ల హెన్రీ తల ఎగరగొడుతుంది. తర్వాత అతని సంగీతపు పెట్టె తెరిస్తే అతని ఆత్మ వస్తుంది. పసిమనసుతోనే దేహం క్షణాల్లో ముసలిదైపోతుంది, ఒక జీవితకాలపు కోరికలన్నీ ఒక్కసారిగా ముంచెత్తుతాయి. అపరాధి సింథియా, పాడే గొంతు మాత్రం హెన్రీది. దోషికి గొంతు లేకపోవడంతో భయం కరుణలోకి, చివరకు జుగుప్సలోకి జారిపోతుంది. కృతి గొప్పదే, కానీ దాని ప్రధానరసం భయానకం కాదు.

వాన్ డెర్ గ్రాఫ్ జనరేటర్ బృందం అదే ఏడాది ‘పాన్ హార్ట్స్’ ఎల్‌పి రెండో వైపంతా నింపిన ‘ఎ ప్లేగ్ ఆఫ్ లైట్‌హౌస్ కీపర్స్’ అలా కాదు. సుమారు ఇరవైమూడు నిమిషాల కృతి. ఓడలు మునిగి మనుషులు చనిపోతుంటే దీపస్తంభం కాపరి కళ్లారా చూస్తాడు, కాపాడలేడు. ఇందులో దయ్యం లేదు, వేషం లేదు. గురువుకో రాజుకో చేసిన అపరాధాన్ని భరతుడు చెప్పాడు. ఇక్కడి అపరాధం చేసినది కాదు, చేయలేకపోయినది. పీటర్ హామిల్ గొంతు గుసగుస నుంచి అరుపుకు ఒక్క ఊపిరిలో ఎగబాకుతుంది. హ్యూ బాంటన్ ఆర్గాన్, డేవిడ్ జాక్సన్ సాక్సోఫోన్ ఒకదానితో ఒకటి తలపడే చోట గతి విరిగి ముక్కలవుతుంది. ఇక్కడి విషమగతి లెక్క తెలిసినవానినీ వదలదు. ఎందుకంటే విరుగుతున్నది తాళం కాదు, కాపరి మనసు. బ్రిటన్‌లో ఆదరణకు నోచుకోని ఈ ఆల్బమ్ ఇటలీలో అమ్మకాల పట్టికలో మొదటిస్థానానికి చేరింది. గాబ్లిన్ పుట్టబోయే దేశం అదే కావడం గమనార్హం.

పండుగ విందులో నేపథ్యంగా వినిపించడానికి ఈ కృతి పనికిరాదు, మధ్యలో మాట్లాడుకోనివ్వదు. చివరిభాగంలో పియానో, ఆర్గాన్ కలిసి ఉబుకుతూ పైకి లేస్తాయి. కాపరి సముద్రంలోకి దూకాడో, తనను తాను క్షమించుకున్నాడో పాట తేల్చి చెప్పదు. ఆ స్వరసంచారం శాంతంలా వినిపిస్తూనే భయాన్ని పూర్తిగా విడవదు. భరతుని మూడు తెగల్లో దానికి చోటు దొరకదు.