దేవదూతకి గడ్డం వస్తే

మా అబ్బాయికి ఆటిజం అని తేలిన ఏడాది, మా చర్చిలో ఒక ఆంటీగారు నా చేతిలో చిన్న పుస్తకం పెట్టి, "చదువమ్మా, ధైర్యం వస్తుంది" అన్నారు. డేల్ ఎవాన్స్ రోజర్స్ రాసిన 'ఏంజెల్ అనవేర్'. 1953లో వచ్చింది. అప్పుడు చదివి ఏడ్చాను. వాడికిప్పుడు పదిహేడేళ్ళు. ఈ మధ్య మళ్ళీ చదివితే కోపం వచ్చింది. నేను విమర్శకురాల్ని కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, కన్సల్టింగ్‌తో పొట్టపోసుకునే మనిషిని. కానీ ఆ కోపం పుస్తకం మీదా, నా మీదా అన్నది తేల్చుకోవాలనిపించింది.

డేల్ ఎవాన్స్ నటి, గాయని. కౌబాయ్ సినిమాల రాయ్ రోజర్స్ భార్య. 1950లో వాళ్ళకి రాబిన్ అనే పాప డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. ఎక్కడైనా చేర్పించేయమన్న సలహాలు కాదని ఇంటికి తెచ్చుకున్నారు. రెండో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు పాప పోయింది. పుస్తకమంతా ఆ పాపే పరలోకంలో దేవుడికి చెప్పుకుంటున్నట్టు నడుస్తుంది. వచ్చిన పని పూర్తయిందనీ, అమ్మానాన్నలు దేవుడికి దగ్గరయ్యారనీ.

నా పేచీ ఇక్కడే. మాటలు రాని పిల్లలున్న తల్లులందరం వాళ్ళ తరఫున మాట్లాడతాం. మావాడు కంచం తోసేస్తే "పప్పు వద్దట" అంటాను. అది నా ఊహ. ఇంకోటి వడ్డించి చూస్తే తప్పో ఒప్పో తెలుస్తుంది. పరలోకం నుంచి వచ్చిన మాటని అలా సరిచూసుకునే వీల్లేదు. పైగా ఈ పాప తన కోసమంటూ ఏమీ అడగదు. పెద్దవాళ్ళని మార్చడానికే పుట్టి, మార్చి, వెళ్ళిపోతుంది.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే తీరూ ఇదే: కష్టం, ప్రార్థన, చివర మేలు. ఒకసారి గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మావాళ్ళ చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "బాబు బూట్లు తనంతట తను వేసుకుంటున్నాడండీ, దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాను. "ఇంకా చెప్పమ్మా" అన్నారు పాస్టరమ్మగారు. ఇంకేముంది? రాబిన్ కథకి ముగింపు ఉంది కనక అది సాక్ష్యమైంది. పదిహేడేళ్ళ దేవదూతకి రోజూ గడ్డం గీయాలి.

పెర్ల్ బక్ 'ద చైల్డ్ హూ నెవర్ గ్రూ' 1950లో వచ్చింది. ఆవిడ మిషనరీల కూతురు, చైనాలో పెరిగింది, మొదట్లో తనూ మిషన్ మనిషే. 1920లో పుట్టిన కూతురు కేరల్‌కి బుద్ధి ఎదగలేదు. కారణం పి.కె.యు. ఇవాళ అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చూస్తారే, ఆ పరీక్షలో బయటపడే జబ్బు. వెంటనే పథ్యం మొదలుపెడితే బుద్ధి దెబ్బతినదు. పుస్తకం రాసేనాటికి ఆవిడకి ఆ పేరే తెలియదు.

అందులో నేను మరిచిపోలేనిది ఒక పొట్టి డాక్టరు. పెద్ద ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆశ వదులుకోవద్దని చెప్పి పంపిస్తాడు. బయటికొస్తుంటే ఖాళీ గదిలోంచి ఈయన పిలుస్తాడు. మీ పాప ఎప్పటికీ మామూలు మనిషి కాదు, ఆ ఆశ మీద మీ బతుకు తగలేసుకోకండి అని మొహమ్మీదే చెబుతాడు. ఆవిడ ఆయన మేలు మరువలేదు. బిడ్డని చంకనేసుకుని స్వస్థత కూటాలు తిరిగిన తల్లికి ఆ గది విలువ తెలుస్తుంది. నేను మూడింటికి తిరిగాను.

అయితే ఇంత నిజం రాసినావిడ 1929లో కేరల్‌ని న్యూజెర్సీలో, వైన్‌లాండ్‌లోని శిక్షణాలయంలో చేర్పించింది. నేను నమ్మలేని పుస్తకం రాసినావిడేమో బిడ్డని ఇంటికి తెచ్చుకుంది. అంతేకాదు, పిల్లల్ని ఇంట్లో దాచుకున్న ఎందరికో వాళ్ళని బయటికి తీసుకొచ్చే ధైర్యం ఇచ్చింది. వాక్యం బాగున్నంత మాత్రాన వాదం గెలిచేసినట్టు కాదని ఇక్కడ నాకు తట్టింది.

పంపడానికి పెర్ల్ బక్ చెప్పే కారణాల్లో ఒకటి: నేను పోయాక? 1931లో వచ్చిన 'ద గుడ్ ఎర్త్'లోనే ఈ ప్రశ్న ఉంది. ముసలి వాంగ్ లుంగ్ తన మతిలేని కూతురి కోసం విషం పొట్లం దాచి, నేను పోయాక పెట్టమని పేర్ బ్లాసమ్‌కి ఇస్తాడు. ఆ పిల్ల, నేనే చూసుకుంటానంటుంది. ఆ కూతురు నవల పొడుగునా ఎండలో కూర్చుని గుడ్డపేలిక మెలిపెట్టుకుంటూ నవ్వుతుంటుంది. రచయిత్రి ఆమె నోట ఏ సందేశమూ పలికించలేదు. ఇన్ని పుటల్లో నాకు మావాడు కనిపించింది ఆ ఎండలోనే.

పెర్ల్ బక్ 1973లో పోయింది. కేరల్ 1992 దాకా బతికింది. పందొమ్మిదేళ్ళు.

మాదీ న్యూజెర్సీయే. వైన్‌లాండ్ మా ఇంటికి గంటన్నర దూరం. ఇంకో నాలుగేళ్ళలో మావాడికి స్కూలు బస్సు రావడం ఆగిపోతుంది. మా ఆయన గ్రూప్ హోముల కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పెడతారు, నేను వాటిని తీసి ఫ్రిజ్ మీద పెడతాను.

మొన్న ఆ ఆంటీగారు ఫోన్ చేశారు. వాళ్ళ మేనకోడలికి ఇలాంటి బాబే పుట్టాడట, పుస్తకం తిరిగిస్తావా అమ్మా అని. ఇచ్చాను. దాంతోపాటు పెర్ల్ బక్‌ది కూడా పెట్టాను.